దూలం నేలకు దిగాలంటే

కరీంనగర్ ఇళ్లల్లో నేలంటే రాయే. చుట్టూ గ్రానైట్ గుట్టలున్న ఊరు మరి. కట్టె ఎప్పుడూ నెత్తి మీదే ఉండేది. మట్టిగోడల ఇళ్లల్లో దూలాలు, వాటి మీద దంతెలు, పెంకుల కింద వాసాలు, ముందర దర్వాజ. కాస్త కలిగిన ఇల్లయితే అదంతా ఆదిలాబాద్ అడవి టేకే. గోడ తడిసి కూలినా ఆ దూలానికి ఏమీ కాదు.

ఇప్పుడా ఇళ్లు పోతున్నాయి. మాన్వాడ దగ్గర కట్టిన మిడ్ మానేరు జలాశయం కింద అనుపురం, రుద్రవరం, కొడుముంజ లాంటి ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. మునగని ఊళ్లల్లోనూ స్లాబు ఇల్లు కోసం పెంకుటిళ్లు తీసేస్తున్నారు. దర్వాజకు బేరం కుదురుతుంది. మేకులు దిగిన దూలానికీ, తొలులున్న దంతెకూ సరైన ధర రాదు. చివరికి కొన్ని పొయ్యిలోకి పోతాయి. ఇది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అడవిలో దశాబ్దాలు పెరిగి, ఇంటి మీద మరిన్ని దశాబ్దాలు ఎండిన కట్టె అది. మళ్లీ ఇంట్లోకే, ఈసారి కాళ్ల కిందికి, పలకల నేలగా రాగలదు. దాన్ని అలా మార్చే యంత్రానికి దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

కట్టె నేల వేయడంలో అసలు పనంతా పలక అంచుల్లోనే ఉంటుంది. ఒక అంచున సన్నని గాడి, రెండో అంచున ఆ గాడిలో దూరే నాలుక తీయాలి. రెండు ముఖాలూ చదునుగా, అన్ని పలకలూ ఒకే మందంతో ఉండాలి. ఒకప్పుడు వడ్లవాళ్లు దీన్నంతా రంద పట్టి చేత్తోనే చేయాల్సి వచ్చేది. ఇంగ్లండ్‌లో శామ్యూల్ బెంథామ్ 1790లలోనే తిరిగే కత్తులతో కట్టెను చదును చేసే పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నాడు. 1802లో జోసెఫ్ బ్రామా మరో చదును యంత్రం తెచ్చాడు. అయితే నేల పలకల యంత్రం అనదగ్గది విలియం వుడ్‌వర్త్‌ది. అమెరికాలో 1828 డిసెంబర్ 27న ఆయనకు పేటెంట్ దక్కింది. రోలర్లు పలకను నొక్కిపట్టి ముందుకు తోస్తాయి, అడ్డంగా తిరిగే కత్తుల దిమ్మె ముఖాన్ని చదును చేస్తుంది, పక్క కత్తులు నాలుకనూ గాడినీ తీస్తాయి. అన్నీ ఒక్క పోతలోనే.

పేటెంట్ గడువు 14 ఏళ్లు. వుడ్‌వర్త్ 1839లోనే చనిపోయినా, ఆ గడువు 1842లో ఏడేళ్లు పెరిగింది, 1845లో అమెరికా కాంగ్రెస్ మరో ఏడేళ్లు పెంచింది. హక్కులు కొనుక్కున్నవాళ్లు మిల్లుల మీద కేసుల మీద కేసులు వేశారు. 1846లో ఒక వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1856 చివర గడువు తీరాకే ఈ పద్ధతి అందరిదీ అయింది.

నిజం చెప్పాలంటే అడవుల పాలిట ఈ యంత్రం మంచిది కాదు. పలక చవకయ్యేకొద్దీ నరుకుడు పెరిగింది. అమెరికా దక్షిణాదిన సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండిన లాంగ్‌లీఫ్ పైన్ అడవిలో ఇప్పుడు మిగిలింది చాలా కొద్ది. అందుకే అక్కడ పాత మిల్లులు పడగొట్టినప్పుడు ఆ దూలాలను వెతికి కొని, అదే జాతి యంత్రంలో పెట్టి నేల పలకలు తీస్తున్నారు. మన టేకుకూ అదే దారి.

పాత దూలాన్ని మిషన్ ఎక్కించే ముందు చేసే పనికే అన్నింటికంటే ఎక్కువ ఓపిక కావాలి. పైనున్న తెల్ల చెక్క పురుగు పట్టి పొడిపొడిగా రాలుతుంది. బాడిసతో దాన్ని చెక్కేస్తే లోపల చేవ బయటపడుతుంది. చెదలకు చేవంటే పడదు. అందులోని టెక్టోక్వినోన్ అనే పదార్థం దానికి ఒక కారణం. మేకు దిగినచోట నల్లటి మరక కనబడుతుంది. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు మాత్రం కంటికి ఆనదు, మెటల్ డిటెక్టర్‌తో అంగుళం అంగుళం వెతకాలి. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే కత్తికి అది తగిలితే మొన ఎగిరిపోతుంది. మేకు లేకపోయినా టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, మామూలు ఉక్కు పదును త్వరగా పోతుంది. 1920లలో జర్మనీలో పుట్టిన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు కత్తుల మొనలకు వచ్చాక ఆ బాధ తగ్గింది.

లెక్క చూద్దాం. ఆరంగుళాల చదరం, పదడుగుల పొడవున్న దూలాన్ని 22 మిల్లీమీటర్ల మందంతో కోస్తే ఆరు పలకలు వస్తాయి. అంచులు, నాలుక పోను ఒక్కోటి అయిదంగుళాలు మిగిలినా 25 చదరపు అడుగుల నేల. తొలులు, పగుళ్ల తరుగు కలుపుకొని పది బై పన్నెండడుగుల గదికి ఆరు దూలాలు చాలు.

మన వాతావరణం సంగతి మరవొద్దు. ఎండాకాలం గాలిలో తేమ 30 శాతానికి పడితే కట్టెలోని తేమ 6 శాతం దగ్గరికి దిగుతుంది. వానాకాలం 80 శాతానికి చేరితే 15 దాకా ఎక్కుతుంది. ఈ తేడాకు అడ్డకోత టేకు పలక నాలుగంగుళాల వెడల్పులో ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు కదులుతుంది. నాలుక గాడిలో జరుగుతుంది కాబట్టి సందు కిందిదాకా తెరుచుకోదు. గోడ అంచున ఖాళీ వదలకుండా బిగిస్తే మాత్రం వానాకాలంలో నేల పైకి ఉబుకుతుంది. కింద బండల తేమ ఎక్కకుండా షీటు పరచాల్సిందే.

మీ ఊళ్లో పాత ఇల్లు తీసేస్తుంటే జేసీబీని ఒక్కరోజు ఆపండి. పెంకులు దించి, దూలాలను చేత్తో విప్పించండి. ఒక్కోటి కొలిచి రాసుకోండి. టేకు రవాణాకు 1970 నాటి నిబంధనలున్నాయి, ట్రాక్టర్ ఎక్కించకముందే అటవీ రేంజ్ ఆఫీసులో అడగండి. లైసెన్సున్న కోత మిషన్‌కే తీసుకుపోండి.