తలంబ్రాల దగ్గరే తంటా

శ్రీరామనవమి మిట్టమధ్యాహ్నం, అభిజిత్ లగ్నంలో భద్రాచలం మిథిలా స్టేడియంలో సీతారాముల కల్యాణం. ముత్యాలు, గులాలు కలిసిన తలంబ్రాలు పడే ఆ కాసేపటి కోసమే జనం గంటల తరబడి కూర్చుంటారు. చిత్రమేమిటంటే, ఏ పెళ్లినైనా డిస్కులోకి ఎక్కించేటప్పుడు ముప్పుతిప్పలు పెట్టేదీ ఈ ఘట్టమే.

డీవీడీ వాడే ఎంపెగ్-2 పద్ధతి మహా పిసినారి. సెకనుకు 25 ఫ్రేములున్నా అన్నింటినీ పూర్తిగా రాసుకోదు. చాలావాటిలో పక్క ఫ్రేముతో పోల్చి తేడా మాత్రమే రాసుకుంటుంది. పురోహితుడు కూర్చుని మంత్రాలు చదువుతుంటే కదిలేవి పెదవులే, ఖర్చు తక్కువ. తలంబ్రాల వేళ వేల గింజలు తలో దిక్కుకూ ఎగురుతాయి. చోటు చాలకపోతే తెరంతా చదరపు గళ్లు! అందుకే పని తెలిసిన ఎడిటర్ కంప్యూటర్‌తో వీడియోను రెండుసార్లు చదివిస్తాడు. మొదటిసారి కదలిక ఎక్కడెక్కువో లెక్క కట్టి, రెండోసారి అక్కడ ఎక్కువ చోటు కేటాయిస్తుంది.

మామూలు డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. రెండు గంటల పెళ్లికైతే సెకనుకు సుమారు 50 లక్షల బిట్లు దక్కుతాయి. భోజనాల పంక్తులన్నీ ఉండాల్సిందేనని పెళ్లివారు పట్టుబట్టి నాలుగు గంటలు చేయిస్తే అందులో సగమే. అంతకుముందటి వీసీడీ మరీ ఇరుకు, 74 నిమిషాలే. నేలకొండపల్లి గోపన్న కథతో 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ను అందులో చూడాలంటే మధ్యలో లేచి డిస్కు మార్చాల్సిందే.

మిక్సింగ్ అయ్యాక ఆథరింగ్. జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అంటూ చాప్టర్లు విడగొట్టి, మెనూ కట్టాలి. రిమోట్‌లో కింది బాణం నొక్కితే ఏ బటన్ మీదికి వెళ్లాలో కూడా చెప్పాలి. అది సరిచూసుకోకపోతే ఇంటిల్లిపాదీ అప్పగింతల దగ్గరే ఇరుక్కుపోతారు.

పది, ఇరవై కాపీలకు రైటర్ చాలు. లేజర్ వేడికి డిస్కులోని రంగుపూత మీద గుర్తులు పడతాయి. గాలివానకు కరెంటు పోయి యూపీఎస్ లేకపోతే ఆ డిస్కు చెత్తబుట్టకే. సినిమాల లెక్క వేరు. గాజు పలక మీద మాస్టర్, దాన్నుంచి నికెల్ అచ్చు, ఆ అచ్చుతో పాలీకార్బొనేట్ డిస్కులు, వాటిపై అల్యూమినియం పూత. అచ్చు తయారీకే ఖర్చు; ఆ తర్వాత పోత పోయడం చవక. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకే అమ్మకానికి పెట్టగలిగిందంటే ఇలాంటి భారీ తయారీ అండతోనే.

ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే లేదు. బీరువాలో పట్టుచీరల మధ్య దాచిన పెళ్లి డీవీడీలను పెన్‌డ్రైవ్‌లోకి మార్చుకుంటున్నారు. చాప్టర్ల చిట్టా ఉండే ఐఎఫ్‌ఓ ఫైలు మీద గీత పడినా కంగారక్కర్లేదు. ఆథరింగ్ నాడే దానికో నకలు బీయూపీ పేరుతో అదే డిస్కులో చేరి ఉంటుంది.