రెండు ముప్ఫైలు

మన దేశంలో ఐఫోన్ మీద అమెజాన్ షాపింగ్ యాప్ తెరిచి ఏదైనా నవల అచ్చు ప్రతి కొనండి. నాలుగు నొక్కులతో పని అయిపోతుంది. ఆ అమ్మకంలో ఆపిల్‌కు కమిషన్ సున్న. అదే నవలను అదే ఫోన్‌లో అమెజాన్ వాళ్లదే అయిన ఈ-బుక్ యాప్ కిండిల్‌లో వెతకండి. అట్ట కనిపిస్తుంది, చదివినవాళ్ల అభిప్రాయాలు కనిపిస్తాయి, నమూనాగా మొదటి పేజీలు కూడా దిగుతాయి. కొనే బటన్ మాత్రం ఉండదు. గోదాములోంచి లారీ ఎక్కి, డెలివరీ కుర్రాడి భుజం మీద మన గుమ్మం దాకా రావాల్సిన కాగితం కట్టకు లేని అడ్డు, బరువే లేని ఫైలుకు వచ్చిపడింది.

బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ పని చేసి రిటైరైనదాన్ని. ఎక్కడైనా లెక్క తేలకపోతే ముందు నాకొచ్చే ప్రశ్న, 'ఈ ఛార్జీ ఎవరి ఖాతాలో పడుతోంది?' అని. ఈ బటన్ సంగతి కూడా అలా తవ్వితేనే బోధపడింది. ఇందులో సాంకేతిక లోపం ఏమీ లేదు. ఉన్నదల్లా రెండు ముప్ఫైల పేచీ.

మొదటి ముప్ఫై 2010 నాటిది. అంతకుముందు అమెరికాలో ఈ-బుక్ దుకాణాలు ప్రచురణకర్తల దగ్గర టోకు ధరకు తీసుకుని, తమకు నచ్చిన ధరకు అమ్ముకునేవి. అమెజాన్ కొత్త పుస్తకాల్ని చేతి డబ్బు పోయినా సరే 9.99 డాలర్లకు అమ్మేది. ఐప్యాడ్‌తో పాటు ఐబుక్స్ దుకాణం తెరిచిన ఆపిల్, పెద్ద ప్రచురణ సంస్థలు ఐదింటితో కొత్త ఏర్పాటు చేసుకుంది. ధర ప్రచురణకర్తే పెడతాడు, దుకాణానికి 30 శాతం కమిషన్. ఆ సంస్థలు అమెజాన్‌ను కూడా అదే దారికి తెచ్చాయి. ఇది కుమ్మక్కని 2012లో అమెరికా ప్రభుత్వం కేసు వేసింది. మరుసటి ఏడాది న్యాయమూర్తి డెనిస్ కోట్ ఆపిల్‌ది తప్పని తేల్చారు. చివరికి ఆపిల్ 45 కోట్ల డాలర్లు కట్టుకుంది.

రెండో ముప్ఫై యాప్ స్టోర్‌ది. యాప్ లోపల అమ్మే డిజిటల్ సరుకు మీద ఆపిల్ మామూలుగా తీసుకునేదీ 30 శాతమే. ఇప్పుడు 10 డాలర్ల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని లెక్క వేయండి. ప్రచురణకర్తకు 7, దుకాణానికి 3. యాప్ లోపల అమ్మితే ఆ 3 ఆపిల్‌కు. దుకాణానికి మిగిలేది సున్న. సర్వర్లు, సిబ్బంది జీతాలు ఎదురు పెట్టుబడి. ఆపిల్ సొంత పుస్తకాల యాప్‌కు ఈ బాధ లేదు. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారేదాన్ని ఖర్చు అనరు కదా.

మొదట్లో ఇంత కట్టడి లేదు. 2009లో వచ్చిన కిండిల్ యాప్‌లో బటన్ నొక్కితే బ్రౌజర్‌లో దుకాణం తెరుచుకునేది. 2010 నవంబరులో ఆపిల్ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ టీవీలో కిండిల్ ప్రకటన ఒకటి చూశారు. ఒకావిడ ఐఫోన్‌లో పుస్తకం చదువుతూ, తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ తీసి అదే పుస్తకం అక్కడ కొనసాగిస్తుంది. ఐఫోన్ వదిలెయ్యడం ఇంత తేలికా అని జనానికి తెలిసిపోతుందని ఆయన స్టీవ్ జాబ్స్‌కు ఈమెయిల్ పెట్టారు. మన చెల్లింపుల పద్ధతే వాడమని చెప్పాల్సిందేనని జాబ్స్ జవాబు సారాంశం. ఆ ఈమెయిళ్లు తర్వాత అమెరికన్ కాంగ్రెస్ విచారణలో బయటపడ్డాయి. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అసలైన కాగితం ఇదే. కమిషన్ కంటే కూడా, చదివేవాడు చెయ్యిజారిపోతాడన్న భయం అందులో కనిపిస్తుంది.

2011 మొదట్లో సోనీ రీడర్ యాప్‌ను ఆపిల్ తిప్పి పంపింది. బయట అమ్మేది ఏదైనా యాప్ లోపలా అమ్మాలని, ధర బయటికంటే ఎక్కువ ఉండకూడదని ఫిబ్రవరిలో నిబంధన పెట్టింది. గోల లేచాక జూన్‌లో కాస్త సడలించింది. లోపల అమ్మకపోయినా ఫరవాలేదు, బయటికి లింకు మాత్రం పెట్టకూడదు. జులైలో కిండిల్, నూక్, కోబో యాప్‌ల నుంచి దుకాణం లింకులు మాయమయ్యాయి. ఐఫ్లో రీడర్ అనే చిన్న యాప్ నడిపినవాళ్లయితే ఈ లెక్కతో బతకలేమని చెప్పి మే నెలాఖరుకే మూసేశారు.

కాంప్లెక్సు కట్టినవాడు షాపులవాళ్లను అద్దె అడగడంలో తప్పు లేదు. కానీ 'మాకు రోడ్డవతల ఇంకో బ్రాంచి ఉంది' అని గోడ మీద రాసుకోనివ్వకపోవడం ఏ అద్దె కాగితంలో చూశాం?

గూగుల్ ఈ చిక్కును కొంత గుర్తించింది. ఈ-బుక్కులకు ఫీజు 10 శాతం దాకా తగ్గించే వీలుందని 2021లో ప్రకటించింది. అయినా తన బిల్లింగే వాడాలన్న నిబంధన గట్టిగా అమలుకు రావడంతో 2022లో ఆండ్రాయిడ్ కిండిల్‌లోనూ కొనుగోలు ఆగింది. అదే ఏడాది జపాన్ నియంత్రణ సంస్థతో ఒప్పందం మేరకు, చదువుకునే యాప్‌లకు ఒక్క లింకు పెట్టుకునే అవకాశం ఆపిల్ ఇచ్చింది. దానికి ముందస్తు అనుమతి కావాలి. లింకు నొక్కగానే హెచ్చరిక తెర ఒకటి అడ్డం వస్తుంది.

కథ తిరిగింది వీడియో గేముల సంస్థ ఎపిక్ గేమ్స్ అమెరికాలో ఆపిల్ మీద వేసిన దావాతో. బయటి లింకులు ఆపవద్దని కోర్టు చెబితే, ఆపిల్ ఒప్పుకుంటూనే ఆ లింకు ద్వారా జరిగే అమ్మకాల మీద 27 శాతం అడిగింది. దానికి కార్డు ఛార్జీలు కలిపితే మళ్లీ ముప్ఫై దరిదాపులే! 2025 ఏప్రిల్ 30న న్యాయమూర్తి ఇవాన్ గొన్సాలెజ్ రోజర్స్ ఇది కోర్టు ధిక్కారమేనని మండిపడ్డారు. వారం తిరిగేసరికి అమెరికాలో ఐఫోన్ కిండిల్‌లోకి కొనే బటన్ వచ్చింది. ఆ ఆదేశం అమెరికా స్టోరుకే పరిమితం. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో బటన్ ఉంటుంది, గుంటూరులో తండ్రి ఫోన్‌లో ఉండదు.

మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. ఈలోగా గూగుల్ వేరే బిల్లింగ్ వాడుకోనిచ్చింది, ఫీజులో 4 శాతం తగ్గించి. అంటే 30 కట్టేవాడికి 26. ఇన్‌స్పెక్షన్‌లో ఇలాంటి సర్దుబాటు కనిపిస్తే మేం ఎర్ర ఇంకుతో సున్నా చుట్టేవాళ్లం. ఫీజు కట్టలేదని 2024 మార్చిలో ఆడియో యాప్ కుకు ఎఫ్ఎం వంటివాటిని గూగుల్ స్టోరు నుంచి తీసేస్తే, కేంద్ర మంత్రి కల్పించుకున్నాక కొద్ది రోజుల్లో తిరిగి పెట్టారు.

తెలుగు చదివేవాళ్లకు బటన్ కన్నా ముందే ఇంకో లోటుంది. 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు.

మా పై ఫ్లోర్‌లో రిటైరైన లెక్చరర్ గారొకరున్నారు. "అక్కయ్యగారూ, పుస్తకం రుచి చూపించి ఆపేస్తోంది, ఫోన్ పాడయిందా?" అంటూ కిందికి దిగొచ్చారు. మీ ఇంట్లో కూడా ఎవరైనా అలా అడిగితే బ్రౌజర్ తెరిచి దుకాణం అడ్రసు అక్కడే టైపు చేయించండి. వేరేచోటి నుంచి లింకు నొక్కితే అది షాపింగ్ యాప్‌లోకి లాక్కుపోవచ్చు. అక్కడా ఈ-బుక్ కొననివ్వదు. యాప్‌లో ఏ ఖాతా ఉందో అదే ఖాతాతో లాగిన్ కావాలి. డబ్బు కట్టాక పుస్తకం దానంతటదే యాప్ లైబ్రరీలో చేరుతుంది. రాకపోతే లైబ్రరీ పేజీని వేలితో ఒకసారి కిందికి లాగి వదిలితే చాలు.