ఇంటి తెలుగు, విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం



పళని, ఉడుమలపేట ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడు మొత్తంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు. మన పిల్లలు అమ్మతో తెలుగులో మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. వాళ్లలో ఒకరు భాషాశాస్త్రం చదువుతానంటే, "మనది చెడిపోయిన తెలుగు, దానితో అక్కడేం పని?" అంటారు ఇంట్లో పెద్దలు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

కోస్తా జిల్లాల్లో గేదె అంటారు, తెలంగాణలో బర్రె అంటారు. రాయలసీమలోనూ మన వైపూ పెద్దలు ఎనుము అంటారు. తమిళంలో అదే ఎరుమై, కన్నడంలో ఎమ్మె. చెడిపోయిందనుకున్న మన మాటకే ఇరుగుపొరుగు భాషల్లో చుట్టాలున్నారన్నమాట! ఇంకొకటి చూడండి. మనం చెవి అంటాం. కోయంబత్తూరులో కన్నడం మాట్లాడే దేవాంగుల ఇళ్లలో కివి అంటారు. మన చెరువు కన్నడంలో కెరె. ఇ, ఎ అచ్చుల ముందున్న పాత కకారం తెలుగులో చకారమైంది, కన్నడంలో అలాగే నిలిచింది. ఇటువంటి పోలికలను వరుసగా పట్టి చూపడమే భాషాశాస్త్రంలో మొదటి పాఠం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో చెన్నపట్నంలో ఎల్లిస్ దొర నిరూపించిందీ ఈ పద్ధతిలోనే. కాల్డ్‌వెల్ గ్రంథం వచ్చింది ఆ తరువాత 40 ఏళ్లకు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలను పల్లెపల్లెనా సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వెలువరించారు. అయితే ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలకే పరిమితం. మన కపిల బావి మాటలు, బండి మాటలు అందులోకి ఎక్కలేదు. అవి తెలిసిన తరం వెళ్లిపోతున్నది.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ పెద్ద చదువు చదవలేదు. తమిళంలోనే రాశారు. తెలుగువారి వలసను గోపల్ల గ్రామం నవలలో చెప్పారు, కరిసల్ నేల పలుకుబడికి నిఘంటువు కూర్చారు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్యుడిగా పిలిచింది. పల్లె మాటకు ఇంతకన్నా యోగ్యతాపత్రం ఏం కావాలి?

మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది. కోయంబత్తూరు భారతియార్, అణ్ణామలై విశ్వవిద్యాలయాలు భాషాశాస్త్రానికి పేరుపొందాయి. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం మనలాంటి సరిహద్దువాసుల కోసమే అన్నట్టుంటుంది. అర్హతల వివరాలు ఏటా ప్రకటనలో చూసుకోవాలి. లిపి రాదని జంకనక్కరలేదు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం కాబట్టి మన పిల్లలు తడబడేది ముఖ్యంగా అక్కడే. శ్రద్ధగా కూర్చుంటే రెండు మూడు నెలల పని.

కాలేజీలో చేరేదాకా ఆగవలసిన పని కూడా లేదు. సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని, ఆమె అనుమతితో మాటలు ఫోనులో రికార్డు చేయవచ్చు. నాయుళ్ల ఇళ్లతో ఆపవద్దు. తెలుగు మాట్లాడే అరుంధతీయుల వాడలకూ వెళ్లండి. తోలు పని మాటలు అక్కడే ఉన్నాయి, వాటిని అడిగినవారు తక్కువ. ప్రతి మాట పక్కన ఊరి పేరు, చెప్పినవారి వయసు, వారి పని రాసుకోండి. పుస్తకంలో వేరే విధంగా ఉందని మాత్రం అవ్వ మాటను దిద్దవద్దు.