విహారయాత్రలో దానం

మనలో కొందరు సెలవులలో ఇస్తాంబుల్ వంటి నగరాలకు కుటుంబసమేతంగా వెళుతున్నారు. అక్కడి అనాథ శరణాలయానికి కొంత దానం చేసి రావాలని కూడా సంకల్పిస్తున్నారు. ఇది మంచి సంకల్పమే. అయితే ఆ దానం ఎవరి ప్రసన్నత కోసమో ముందుగా మన హృదయాలను ప్రశ్నించుకోవాలి.

ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్‌లో ఉస్మానియా ఖలీఫాల కాలపు సదఖా స్తంభం ఒకటి నేటికీ నిలిచి ఉంది. ఆ రాతిస్తంభం పైభాగాన గుంట ఉంటుంది. దాత అందులో నాణేలు ఉంచి వెళ్ళేవాడు. అగత్యపరుడు వచ్చి తనకు కావలసినంత తీసుకునేవాడు. ఒకరి ముఖం ఒకరు చూసేవారు కాదు. పేదలకు గోప్యంగా ఇవ్వడమే శ్రేష్ఠమని దివ్యఖుర్ఆన్ (అల్ బఖరా: 271) బోధిస్తోంది. మనమేమో అనాథ బాలల నడుమ నిలబడి ఫోటోలు తీసుకుంటే, వారి లేమిని మన యాత్రకు జ్ఞాపికగా మార్చినవారమవుతాము.

కనుక శరణాలయానికి ఏమి అవసరమో నిర్వాహకులనే ముందుగా అడుగుదాం. దానిని వారికి అప్పగించి నిశ్శబ్దంగా మరలి వద్దాం. జకాత్‌లో సొంత ఊరి పేదలకే ప్రాధాన్యమని ధర్మవేత్తలు చెప్పారు. కాబట్టి వారి హక్కును ముందు చెల్లించి, యాత్రలో ఇచ్చేదానిని సదఖాగా ఇద్దాం.

అల్లాహ్ మన దానాలను ప్రదర్శనాబుద్ధి నుండి కాపాడుగాక! ఆమీన్.