ఇంటి కథా, ఇంట్లో కథా?
'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' నాటకమూ, సినిమా

నల్లజాతి రచయిత్రి లొరేన్ హాన్స్‌బెర్రీ రాసిన 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' నాటకం మన దగ్గర ఇంగ్లీషు ఎం.ఏ. చదివే పిల్లలకు కొత్త కాదు. పేరు లాంగ్‌స్టన్ హ్యూస్ కవితలోంచి తీసుకున్నదని, అమెరికన్ కల గురించి రాసిందని పరీక్షల్లో రాస్తూనే ఉన్నారు. నాటకమంతా చదివించే ఓపిక లేనిచోట 1961లో వచ్చిన సినిమా వేసి చూపిస్తే సరిపోతుందనే అలవాటు కూడా ఉంది. సరిపోదు అనేది మా వాదన. సినిమా చెడ్డదని కాదు. నటన గొప్పది, మాటలు కూడా చాలావరకు నాటకంలోవే. అయినా నాటకం వేలెత్తి చూపించిన ముద్దాయి సినిమాలో సగానికి సగం కనిపించకుండా పోయాడు. ఎలా పోయాడు, ఎవరు తప్పించారు అన్నదే ఇక్కడ చూడాల్సింది.

ముందు కథ. షికాగో నగరం సౌత్ సైడ్‌లో, నల్లవాళ్లను కుక్కిపెట్టిన పేటలో, యంగర్ కుటుంబం ఉంటుంది. ఇరుకు వాటా. కిటికీ ఒక్కటే, వెలుతురు అంతంతమాత్రం. మరుగుదొడ్డి బయట నడవలో, పక్కవాటా వాళ్లతో కలిపి. పిల్లాడు ట్రావిస్‌కి మంచం లేదు, ముందుగదిలో సోఫా మీద పడుకుంటాడు. వాడి నాన్న వాల్టర్ లీ ఒక తెల్ల దొరకు కారు డ్రైవరు. భార్య రూత్ తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషి. తల్లి లీనాదీ జీవితమంతా అదే పని. చెల్లెలు బెనీతా డాక్టరు కావాలని చదువుతోంది. తండ్రి చాకిరీ చేసి చేసి చచ్చిపోయాడు. ఆయన తాలూకు బీమా సొమ్ము 10,000 డాలర్లు వస్తాయి. ఆ చావు డబ్బు చుట్టూ నాటకం నడుస్తుంది. లీనా 3,500 బయానా కట్టి ఇల్లు కొంటుంది. అది క్లైబోర్న్ పార్క్ అనే తెల్లవాళ్ల పేటలో ఉంది. ఎందుకక్కడ? నల్లవాళ్ల కోసమని దూరంగా కడుతున్న ఇళ్లకు రెట్టింపు ధర చెబుతున్నారు గనుక. మిగిలిన 6,500 కొడుకు చేతికిచ్చి, అందులో 3,000 చెల్లి చదువుకి బ్యాంకులో వెయ్యమంటుంది. కొడుకు మొత్తం పట్టుకెళ్లి సారాదుకాణం వ్యాపారంలో పెడతాడు. స్నేహితుడు డబ్బుతో ఉడాయిస్తాడు. (ఇంట్లో మొదటగా యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటివాళ్లకు ఆ 3,000 ఎలాంటి డబ్బో వివరించక్కర్లేదు.) ఈలోపు క్లైబోర్న్ పార్క్ వాళ్ల సంఘం తరఫున లిండ్నర్ అనే తెల్లాయన వస్తాడు. కొన్నదానికంటే ఎక్కువే ఇస్తాం, మా పేటకి మాత్రం రావొద్దు అంటాడు. తిట్టడు, బెదిరించడు. మహా మర్యాదగా మాట్లాడతాడు. డబ్బు పోగొట్టుకున్న వాల్టర్ ఒక దశలో ఆ బేరానికి ఒప్పుకోవడానికి సిద్ధపడి, చివరికి కొడుకు కళ్లముందు ఒప్పుకోలేక, మేం వస్తున్నాం అని చెప్పేస్తాడు.

ఇది కల్పించిన ఇబ్బంది కాదు. నల్లవాళ్లకు అమ్మం, అద్దెకివ్వం అని తెల్ల యజమానులు ఒకరితో ఒకరు రాసుకున్న ఒప్పందపత్రాలు షికాగోలో పేటలకు పేటల్నే చుట్టేశాయి. హాన్స్‌బెర్రీ తండ్రి కార్ల్ హాన్స్‌బెర్రీ 1937లో అటువంటి పేటలోనే ఇల్లు కొన్నాడు. మూక వచ్చి ఇంటిమీద పడింది. విసిరిన గట్టి పెంకు ఒకటి ఏడేళ్ల లొరేన్ తలకు తగలబోయి తప్పిపోయింది. ఇల్లినాయ్ కోర్టులు ఖాళీ చెయ్యమన్నాయి. తండ్రి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1940లో గెలిచాడు. అయితే గెలుపు సాంకేతికమైనది. పాత కేసులో భాగం కాని వాళ్లను ఆ తీర్పు కట్టిపడెయ్యదని కోర్టు అన్నదే తప్ప, అలాంటి ఒప్పందాలే తప్పు అనలేదు. వాటిని కోర్టులు అమలు చెయ్యకూడదన్నమాట 1948లో షెల్లీ కేసులో గానీ రాలేదు. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968 దాకా లేదు. చట్టం మారినా వీధి మారలేదని 1951లో సిసెరోలో తేలింది. అక్కడ ఒక నల్ల కుటుంబం అద్దెకు దిగబోతే వేలమంది తెల్లమూక బిల్డింగు మీద పడింది, సైనిక దళాన్ని దింపాల్సొచ్చింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కార్ల్ హాన్స్‌బెర్రీ కూలివాడు కాదు, ఇళ్ల వ్యాపారి. పెద్ద వాటాలను చిన్న చిన్న గదులుగా విడగొట్టి పేద నల్లవాళ్లకు అద్దెకిచ్చి సంపాదించినవాడు. అంటే యంగర్ కుటుంబం లాంటివాళ్లు అద్దె కట్టింది హాన్స్‌బెర్రీ లాంటివాళ్లకే. రచయిత్రి తన ఇంటి కథ రాయలేదు, తన నాన్న ఇళ్లలో ఉన్నవాళ్ల కథ రాసింది. మనలో ఉద్యోగాలొచ్చినవాళ్లకూ వాడలో మిగిలినవాళ్లకూ ఉన్న దూరం గురించి వాదులాడుకునే మిత్రులు ఈ సంగతి మీద కాస్త ఆగాలి. పేటలోంచి బయటపడనివ్వని గోడ మాత్రం ఇద్దరికీ ఒకటే. డబ్బున్న హాన్స్‌బెర్రీ మీదా పెంకులే పడ్డాయి.

నాటకం 1959 మార్చి 11న బ్రాడ్‌వేలో మొదలైంది. నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్‌వే ఎక్కడం అదే మొదటిసారి. దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్ కూడా నల్లవాడే. పెట్టుబడి పెట్టేవాళ్లు దొరక్క నిర్మాత ఏడాదికి పైగా తిరిగి, చిన్న మొత్తాలు చాలామంది దగ్గర పోగుచేశాడు. చివరకు 530 ప్రదర్శనలు ఆడింది, న్యూయార్క్ నాటక విమర్శకుల బహుమతీ వచ్చింది. అప్పటికి హాన్స్‌బెర్రీ వయసు 28. విజయం చూసి కొలంబియా సంస్థ సినిమా హక్కులు కొన్నది. సినిమాకు రాసే పని హాన్స్‌బెర్రీకే ఇచ్చారు. నటులూ చాలామంది వాళ్లే. సిడ్నీ పాయిటియర్, క్లాడియా మెక్‌నీల్, రూబీ డీ, డయానా శాండ్స్. మారిందెవరయ్యా అంటే దర్శకుడు. లాయిడ్ రిచర్డ్స్‌ని కాదని డానియల్ పెట్రీ అనే తెల్లాయన్ని పెట్టారు.

హాన్స్‌బెర్రీ మొదట రాసిన స్క్రీన్‌ప్లే నాటకానికి నకలు కాదు. స్టేజీ మీద చెయ్యలేనిది కెమెరాతో చెయ్యొచ్చని ఆమెకు తెలుసు. స్టేజీ మీద ఒక్క గదే ఉంటుంది. సినిమాకు ఊరంతా ఉంటుంది. కాబట్టి ఆ గది బయట ఉన్న షికాగోను చూపించాలనుకుంది, అంటే ఆ గదిని అలా చేసిందెవరో చూపించాలనుకుంది. ఆ సన్నివేశాల్లో ఎక్కువభాగం తియ్యలేదు. ఆమె చనిపోయిన చాలా ఏళ్లకు, 1992లో, ఆ తియ్యని స్క్రీన్‌ప్లే పుస్తకంగా అచ్చయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏం కోసేశారో చెయ్యి పెట్టి చూపించొచ్చు.

ఒక సన్నివేశం చాలు. లీనా తన పేటలో కొట్టుకి ఆపిల్ పండ్లు కొనడానికి వెళ్తుంది. ముడతలు పడ్డ, పాడైన పండ్లు, ధర మాత్రం ఎక్కువ. ఇదేమిటంటే తెల్ల గుమాస్తా ఎగసెక్కంగా మాట్లాడతాడు. ఆమె మంచి పండ్ల కోసం ఊరి అవతలి కొసకు, తెల్లవాళ్లుండే వైపుకు, పనిగట్టుకుని వెళ్తుంది. అక్కడికి వెళ్తేనే ఆ ఇళ్లు ఆమె కంట పడతాయి. ఇల్లు కొనాలన్న ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందో ఈ పండ్లబుట్ట చెప్తుంది. ఆమెకు తెల్లవాళ్ల పక్కన ఉండాలన్న మోజు లేదు. అద్దె దగ్గర్నించి ఆపిల్ పండు దాకా నల్లపేట నుంచి ఎక్కువ లాగి తక్కువ ఇచ్చే లెక్క ఒకటుంది. ఆ లెక్కలోంచి బయటపడాలనుకుంది, అంతే. ఇది తీసేసిన తర్వాత సినిమాలో మిగిలేది ఏమిటి? మంచి తల్లి, ఎండ తగలని మొక్క, మంచి ఇంటి మీద ఆశ. ఆశ మిగిలింది గానీ దానికి కారణం ఎగిరిపోయింది.

అలాగే వాల్టర్. తియ్యని స్క్రీన్‌ప్లేలో అతను సారాదుకాణం నడిపే ఒక తెల్ల వ్యాపారి దగ్గరికి సలహా కోసం వెళ్తాడు. ఆయన ఈ వ్యాపారం నీకెందుకయ్యా, కష్టం అంటాడు. తనకు తిండి పెడుతున్న వ్యాపారాన్నే ఇతనికి వద్దంటాడు. ఇంకోచోట వీధి మలుపులో నల్లజాతి ఆత్మగౌరవం గురించి ఒకాయన ఉపన్యాసమిస్తుంటే జనంలో నిలబడి వింటాడు. లీనా పనిచేసే తెల్లవాళ్ల ఇల్లు కూడా ఆ స్క్రీన్‌ప్లేలో ఉంది. సినిమాలో ఇవేవీ లేవు. బయట చూపించినవి కొద్ది చోట్లే, బారు లాంటివి. దాంతో వాల్టర్ కోపం ఎవరిమీదో తెలియదు. ఇంట్లో ఆడవాళ్ల మీద అరిచే, తాగే, మొండి మనిషిగా కనిపిస్తాడు. పాయిటియర్ అంత గొప్ప నటుడు కాకపోయుంటే ఆ పాత్ర అక్కడే చచ్చిపోయేది.

స్టూడియో వాళ్లు ఎందుకు కోశారు? జాతి ప్రస్తావన ఎక్కువైతే తెల్ల ప్రేక్షకులకు గిట్టదని, కథ నెమ్మదిస్తుందని. ఇంకా విచిత్రం ఒకటుంది. ఆఫ్రికాకు కావలసిన విముక్తి బ్రిటిషు వాళ్ల నుంచీ ఫ్రెంచి వాళ్ల నుంచీ అని బెనీతా అనే మాట విదేశాల్లో సినిమా ఆడటానికి అడ్డొస్తుందని కూడా అభ్యంతరం చెప్పారు. నల్లవాళ్ల బాధ చూపించొచ్చు, ఆ బాధ పెట్టినవాళ్ల పేరు మాత్రం చెప్పకూడదు. మన సినిమాల్లో దళిత పాత్ర ఏడవడానికి పనికొస్తుంది, లెక్క అడగడానికి పనికిరాదు. ఇక్కడి ప్రేక్షకులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

నేరమంతా సినిమా మీద తోసేసి ఊరుకుంటే కూడా న్యాయం కాదు. స్టేజీ మీదా కోతలు పడ్డాయి. బెనీతా జుట్టు సాగదీసి నున్నగా చేసుకోవడం మానేసి తన సహజమైన జుట్టుతో కనిపించే సన్నివేశం మొదటి ప్రదర్శనల్లో లేదు. మిసెస్ జాన్సన్ అనే పక్కవాటావిడ, తెల్లపేటలో నల్లవాళ్ల ఇంటిమీద బాంబు పడిందన్న పేపరు పట్టుకుని వచ్చే సన్నివేశమూ లేదు. నిడివి తగ్గించాలని తీసేశారు. సినిమా కూడా ఆవిణ్ణి తీసుకురాలేదు. ఆవిడ లేకపోతే నష్టమేమిటో ముగింపులో తెలుస్తుంది. సామాను సర్దుకుని కుటుంబం బయల్దేరుతుంటే సినిమా చూసేవాడు హమ్మయ్య అనుకుంటాడు. ఆవిడ తెచ్చిన పేపరు చూసినవాడు అలా అనుకోలేడు. 1980ల్లో మళ్లీ ఆడిన ప్రదర్శనల్లోనూ, డానీ గ్లోవర్ నటించిన 1989 టీవీ చిత్రంలోనూ తీసేసినవి తిరిగి చేర్చారు. క్లాసులో తెర మీదే చూపించాలనుకునే టీచర్లు ఆ టీవీ చిత్రాన్ని వెతకడం మేలు.

1959లో తెల్ల విమర్శకులు చాలామంది ఈ నాటకాన్ని మెచ్చుకుంటూ, ఇది నల్లవాళ్ల నాటకమని అనిపించదు, ఏ కుటుంబమైనా ఇంతే అన్నారు. హాన్స్‌బెర్రీకి ఆ మెప్పు నచ్చలేదు. అందరికీ చెందేదాన్ని రాయాలంటే ఒక చోటినీ ఒక మనుషుల్నీ ఖచ్చితంగా రాయాలన్నది ఆమె పట్టు. ఏ కుటుంబమైనా ఇంతే అనేవాళ్లని మేం ఒకటే అడుగుతాం. ఏ కుటుంబం ఇంటికైనా లిండ్నర్ వస్తాడా?

మన దగ్గర వస్తాడు. మీరేవిట్లు అని అడిగే ఇంటి ఓనరు రూపంలో వస్తాడు. 1917లో బరోడాలో పార్శీ సత్రంలో మారుపేరుతో తలదాచుకున్న అంబేద్కర్ దగ్గరికి కర్రలు పట్టుకుని వచ్చారు. అప్పటికే ఆయన అమెరికాలో చదివి, లండన్ వెళ్లి వచ్చినవాడు. అది పాతకాలం అనుకునేవాళ్లు 2005 ఏప్రిల్‌లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవాలి. సభ్యత్వం పార్శీలకే అని సొసైటీ రాసుకున్న నిబంధన చెల్లుతుందని కోర్టు చెప్పింది. షెల్లీ కేసుతో అక్కడ కోర్టులు చెయ్యి వెనక్కి తీసుకున్న సంగతి ఇక్కడ రాజ్యాంగం వచ్చిన 55 ఏళ్ల తర్వాత కూడా చెల్లుబాటైంది. చిన్న మైనారిటీ తనను తాను కాపాడుకోవడం వేరు కదా అనే వాదం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యం. కానీ అదే తలుపులోంచి అగ్రకులాల కాలనీలు కూడా దూరగలవు.

నాటకం చివరిలో లీనా ఆ మొక్క కోసం వెనక్కి వచ్చి, తీసుకుని వెళ్లిపోతుంది. సినిమాలోనూ అంతే. హాన్స్‌బెర్రీ మొదట్లో రాసుకున్న ఒక ప్రతిలో మాత్రం ముగింపు వేరు. అందులో కుటుంబం కొత్త ఇంట్లో చీకట్లో, ఆయుధాలతో, దాడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అది ఊహ కాదు. నాన్న కేసు పనిమీద వాషింగ్టన్‌లో ఉన్నప్పుడు, గుండ్లు నింపిన పిస్తోలు పట్టుకుని రాత్రంతా ఇంట్లో కాపలా తిరిగిన అమ్మ గురించి హాన్స్‌బెర్రీ 1964లో ఒక ఉత్తరంలో రాసింది. ఆ మరుసటి సంవత్సరమే, 34 ఏళ్లకే, క్యాన్సర్‌తో చనిపోయింది.