కదలని కారును కదలించుట

పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున అంబాసడరు కార్ల తయారీ 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. అయినను తండ్రినాటి కారును తుక్కు క్రింద అమ్మ మనసొప్పక, షెడ్డులో నిలిపి, తీరిక వేళల దానికి మరల ప్రాణము పోయవలెనని శ్రమించువారు మన శ్రోతలలోనూ కొందరుండవచ్చును. అట్టివారికి మొట్టమొదట ఎదురగు చిక్కు చోటు. షెడ్డు ఇరుకు, కారు ఒక ప్రక్క గోడనానుకొని యుండును, తుప్పు తినిన తలుపు సరిగా ఆ గోడవైపుననే యుండును! ఇంజను దింపిన కారును నలుగురు కలిసి నెట్టినను ముందునకు, వెనుకకు పోవునే గాని ప్రక్కకు జరుగదు.

దీనికి కారణము తెలియనిది కాదు. ఇరుసునకు గ్రుచ్చిన చక్రము తాను చూచుచున్న దిక్కుననే దొర్లును. మన ఊళ్ల రథోత్సవములందు వీధి మలుపు వచ్చినపుడు తేరు చక్రముల క్రింద కొయ్యదిమ్మలు త్రోసి, ఎంతయో నేర్పుతో త్రిప్పుదురు. కారునకు ముందు చక్రములు కొంత తిరిగినను, ఆ మలుపునకు కావలసినంత చోటు షెడ్డులో దొరకదు.

ఈ చిక్కును విడదీయు చిన్న సాధనమే చక్రపు డాలీ. ఇది టైరు కుదురుగా కూర్చుండునట్లు నడుమ పల్లముగా వంచిన ఉక్కు పలక. దాని నాలుగు మూలల క్రింద ఆసుపత్రి మంచపు కాళ్లకుండు వంటి, ఎటైనను తిరుగు చిన్న చక్రములుండును. నాలుగు టైర్ల క్రింద నాలుగు డాలీలు చేరినచో కారు ప్రక్కకు జరుగును. నిలిచినచోటనే గిర్రున తిరుగును. అంబాసడరు బరువు ఇంజనుతో కూడి సుమారు 1,100 కిలోలు. నాలుగవ వంతు 275 కిలోలే యని లెక్కించి అంతకు సరిపడు డాలీలు కొనరాదు. భారము నాలుగింటిపై సమముగా పడదు. నేల మిట్టపల్లములు దానిని ఇంకను మార్చును. ఒక్కొక్కటి 450 కిలోలకు తగ్గక మోయునవి కావలెను.

చిన్న చక్రమునకొక బలహీనత యున్నది. నేలపై అయిదు మిల్లీమీటర్ల మిట్ట అడ్డుపడినదనుకొందము. 65 సెంటీమీటర్ల అడ్డకొలత గల కారు చక్రము, తనపై నున్న బరువులో అయిదవ వంతునకు లోపు బలముతోనే దానిని దాటును. ఏడున్నర సెంటీమీటర్ల డాలీ చక్రమునకో, ఆ బరువులో సగమునకు మించిన బలము కావలెను. డాలీ అచ్చటనే ఆగి, పైనున్న టైరు పలక దిగి దొర్లిపోవు ప్రమాదము కలదు. కనుక ముందుగా నేల నూడ్చవలెను. ఒక్క మరమేకు చాలును పని చెడగొట్టుటకు.

అంతకన్న ముఖ్యమైనది మరొకటి. డాలీలపై నున్న కారునకు హ్యాండుబ్రేకు నేలపై పట్టునీయదు. అది వెనుక చక్రములను పలకపై దొర్లకుండ ఆపును గాని, పలక క్రింది చక్రములను ఆపజాలదు. నీరు పోవుటకై షెడ్డు నేలను వాకిలివైపు వాలుగా వేయుట వాడుక. మీటరునకు రెండు సెంటీమీటర్ల వాలున్నచో, 22 కిలోల బరువు కారును ఎల్లప్పుడు వాకిలివైపు లాగుచున్నట్లే. నునుపు నేలపై ఒకసారి కదలిన కారు తనంత తానే సాగిపోవచ్చును.

ఎక్కించు క్రమము ఇది. హ్యాండుబ్రేకు వేసి, వెనుక చక్రములకు ఇరువైపుల అడ్డుదిమ్మలు పెట్టి, ముందు భాగమును జాకీతో లేపి డాలీలు చేర్చవలెను. వెంటనే ఆ డాలీల చక్రములను బిగించి, వానికిని అడ్డు పెట్టవలెను. బిగించు ఏర్పాటు లేనిచో దిమ్మలే శరణ్యము. పిమ్మట వెనుక చక్రములను ఒక్కొక్కటిగా లేపవలెను. రెండును ఒక్కసారి లేచినచో కారును నేలకు పట్టియుంచునది జాకీ, ముందు డాలీలు తప్ప వేరొకటి లేదు. జాకీని తయారీదారు చూపిన చోటనే ఆనించవలెను.

నెట్టునపుడు ఇద్దరు కావలెను. ఒకరి మాటపై రెండవవారు నడువవలెను. రేకుపై గాక గట్టి స్తంభములపై చేయి వేసి, మెల్లగా నెట్టవలెను. దిక్కు మార్చినపుడు క్రింది చక్రములు గిరుక్కున తిరిగి, డాలీ ఒక ప్రక్కకు ఉలికిపడును. అడుగులు దూరముగా నుంచుడు. కారునకు గోడకు నడుమ ఎవ్వరును నిలువరాదు. పిల్లలు షెడ్డు బయటనే యుండవలెను.

పని ముగియగానే అడ్డుదిమ్మలు మరల పెట్టవలెను. కారు క్రింద దూరి పని చేయవలసినచో డాలీలను గాని, ఒంటి జాకీని గాని నమ్మరాదు. అందుకై వేరుగా దొరకు ఉక్కు స్టాండులపై నిలిపి, కదలించి చూచిన పిదపనే దూరవలెను. డాలీ కారును జరుపుటకే గాని నిలుపుటకు కాదు. ఈ భేదమును మరువని ఇంట పాత కారు సరదాయే యగును గాని, చేటు కాజాలదు.