నాన్న పాస్‌బుక్కులో మన పేరు

అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదికల్లా మనవాళ్లకు డబ్ల్యూ-2 చదవడం, 401కెలో కంపెనీ వాటా వదులుకోకపోవడం, క్రెడిట్ స్కోరు పెంచుకోవడం కంఠతా వచ్చేస్తాయి. ఫ్రిస్కోలోనైనా ఎడిసన్‌లోనైనా నలుగురు కూడితే ఈ కబుర్లే. కనుక అవి ఈ వ్యాసంలో ఉండవు. ట్యాక్స్ సీజన్లో ఎవరూ ఎత్తని ప్రశ్న ఇంకొకటుంది: ఇండియాలో ఏయే ఖాతాల్లో మన పేరు ఉంది?

డబ్బు ఎవరిదన్నది తర్వాతి మాట. ముందు పేరు.

మన ఇళ్లలో ఇది ఇలా జరుగుతుంది. నాన్నగారు రిటైరవుతారు. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి ఓ ఇరవై లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు. “రేపు నాకేమైనా అయితే మీ అమ్మ బ్యాంకుల చుట్టూ తిరగలేదురా” అని, సెలవుల్లో వచ్చిన కొడుకు చేతనో కూతురు చేతనో జాయింటు ఖాతా ఫారం మీద సంతకం పెట్టిస్తారు. సంతకం చేసినవాళ్లు విమానం ఎక్కే లోపే ఆ సంగతి మరిచిపోతారు. అందులోంచి ఒక్క రూపాయి తియ్యరు, వడ్డీ ముట్టుకోరు. అయినా అమెరికా చట్టం దృష్టిలో ఆ ఖాతా వాళ్లది కూడా.

ఆ చట్టం 1970 నాటి బ్యాంక్ సీక్రెసీ యాక్ట్. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, ట్రెజరీ శాఖ విభాగమైన ఫిన్‌సెన్‌కు 114 అనే ఫారంలో ఆ వివరాలు తెలపాలి. అందరూ ఎఫ్‌బార్ అనేది దీన్నే. పౌరులు, గ్రీన్‌కార్డుదారులతో పాటు, హెచ్-1బి మీద ఉంటూ రోజుల లెక్కలో ట్యాక్స్ రెసిడెంటు అయినవాళ్లకూ ఇది తప్పదు. ఎఫ్-1 విద్యార్థులకు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ బెడద లేదు. అందుకే ఉద్యోగం వచ్చాక కూడా “నాకు వర్తించదు” అనుకుంటూ ఉండిపోతారు.

పదివేల డాలర్లంటే ఎనిమిదిన్నర, తొమ్మిది లక్షల రూపాయలు. ఈ పరిమితి ఒక్కో ఖాతాకు కాదు, అన్నిటికీ కలిపి. జాయింటు ఖాతాలో సగం చూపిస్తే సరిపోదు, నిల్వ మొత్తం చూపాలి. ఇంకో చిక్కుంది. ప్రతి ఖాతాలోనూ ఆ ఏడాది ఉన్న గరిష్ఠ నిల్వను తీసుకుని కూడాలి. జూన్‌లో ఐదు లక్షల డిపాజిట్ గడువు తీరి సేవింగ్స్‌లో పడిందనుకోండి, అదే సొమ్ము రెండు చోట్లా లెక్కకొస్తుంది. చేతిలో ఐదు లక్షలే ఉన్నా కాగితం మీద పది! డాలర్లలోకి మార్చడానికి ట్రెజరీ శాఖ ప్రకటించే డిసెంబరు 31 రేటు వాడాలి.

డీమ్యాట్ ఖాతా, మ్యూచువల్ ఫండ్లు కూడా ఇందులోకే వస్తాయి. సరెండర్ విలువ ఉన్న ఎల్ఐసి పాలసీ సైతం వస్తుంది. తెలుగు ఇంట ఎల్ఐసి ఏజెంటైన బాబాయి లేకుండా ఉంటాడా! అమెరికాలో పుట్టిన మనవరాలి పేర తాతగారు అన్నప్రాశన నాడు డిపాజిట్ వేస్తే, ఆ పసిపిల్లా అమెరికా పౌరురాలే. ఆమె ఖాతాలు పరిమితి దాటితే ఆమె పేరిట తల్లిదండ్రులు రిపోర్టు వెయ్యాలి. పొలం, ఇల్లు మాత్రం సొంత పేర ఉన్నంతవరకు ఎఫ్‌బార్‌లోకి రావు. అయితే కౌలు డబ్బు, అద్దె అమెరికా రిటర్నులో చూపాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీ కూడా అంతే. ఇండియాలో దానిపై పన్ను లేదని ఇక్కడా లేదనుకునేవాళ్లు కోకొల్లలు.

ఎఫ్‌బార్ ట్యాక్స్ రిటర్నుతో కలిసి వెళ్లదు. ఫిన్‌సెన్ సైటులో విడిగా వెయ్యాలి. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంది. కట్టాల్సిన పన్నేమీ లేదు, సమాచారం ఇవ్వడమే. మరి భయమెందుకు? తెలియక మానేసినా చట్టంలో రాసిన జరిమానా 10,000 డాలర్ల దాకా ఉంది, ద్రవ్యోల్బణంతో ఆ అంకె ఇప్పుడు ఇంకా పెరిగింది. తెలిసి దాచారని తేలితే లక్ష డాలర్లు (ఈ అంకె కూడా అలాగే పెరిగింది) లేదా నిల్వలో సగం, ఏది ఎక్కువైతే అంత దాకా వెయ్యొచ్చు. రిటర్నులోని షెడ్యూల్ బి చివర “విదేశీ ఖాతా ఉందా” అనే ప్రశ్న దగ్గర చూడకుండా “లేదు” అని టిక్కు పెట్టడం ఇక్కడే మెడకు చుట్టుకుంటుంది.

రొమేనియాలో పుట్టి అమెరికా పౌరసత్వం పొందిన అలెగ్జాండ్రు బిట్నర్ కేసు తెలియక మానేసినవాళ్లకు పడే జరిమానాకు ఉదాహరణ. ఐదేళ్ల రిపోర్టులు సకాలంలో వెయ్యలేదని, 272 ఖాతాలకు ఒక్కోదానికి పదివేల చొప్పున 27.2 లక్షల డాలర్లు కట్టమంది ఐఆర్ఎస్. 2023 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో, తెలియక చేసిన తప్పుకు జరిమానా ఖాతాకు కాదు, రిపోర్టుకే అని తేల్చింది. లెక్క యాభై వేలకు దిగింది. ఊరటే గాని, యాభై వేలు కూడా చిల్లర డబ్బు కాదు.

“గుంటూరు బ్రాంచి సంగతి వాషింగ్టన్‌కి ఎలా తెలుస్తుందండీ?” అని అడిగేవాళ్లున్నారు. తెలుస్తుంది. 2015 జులైలో ఇండియా, అమెరికా ఫాట్కా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అమెరికాకు పన్ను రెసిడెంట్లయిన ఖాతాదారుల వివరాలు మన బ్యాంకులు ఇండియా ప్రభుత్వానికి, అది ఐఆర్ఎస్‌కి పంపుతాయి.

ఇన్నాళ్లూ వెయ్యనివాళ్లు కంగారు పడనక్కర్లేదు. ఆదాయమంతా రిటర్నులో చూపి, ఎఫ్‌బార్ ఒక్కటే మరిచినవాళ్లు, ఐఆర్ఎస్ నుంచి కబురు రాకముందే కారణం రాసి ఆలస్యంగా వేస్తే మామూలుగా జరిమానా ఉండదు. వడ్డీని రిటర్నులో చూపడం కూడా తెలియక వదిలేసినవాళ్లకు స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. అమెరికాలో ఉండేవారికి అందులో ఐదు శాతం జరిమానా పడుతుంది. దీనికి మాత్రం అనుభవమున్న సీపీఏ దగ్గరికే వెళ్లాలి, వాట్సాప్ గ్రూపు దగ్గరికి కాదు.

ఇక ఇండియాలో మన పేరు ఎక్కడెక్కడుందో వెతకాలంటే ఊళ్లోని కాగితాలు చదవాలి, అందుకు తెలుగు రావాలి. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని సెన్సస్ సర్వే లెక్కలు చెప్పాయి. ఆ వేగం ఇంకే పెద్ద భాషకూ లేదని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే అమ్మానాన్నల డాక్యుమెంట్లు, అడంగల్, పహాణీ వంటి భూమి రికార్డులు తెలుగులోనే ఉంటాయి. వారాంతం మనబడి తెలుగు తరగతులకు వెళ్లే పిల్లలను ఈసారి ఊరికి తీసుకెళ్లినప్పుడు తాతగారి బీరువా ముందు కూర్చోబెట్టి ఆ కాగితాలు చదివించండి. సర్వే నంబరు, సరిహద్దులు, ముత్తాత పేరు అన్నీ వాళ్ల నోట పలుకుతాయి. పద్యాల పోటీకి ఇది తీసిపోదు.

అదే బీరువాలో జాయింటు పాస్‌బుక్కులూ ఉంటాయి. ఖాతాలోని సొమ్ము తర్వాత అందడమే ఉద్దేశమైతే నామినీగా ఉంటే చాలు. నామినీకి ఎఫ్‌బార్ బాధ లేదు. జాయింటు పేరు తీయించడానికి బ్యాంకులు సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతాయి కాబట్టి, ఊళ్లో ఉన్న నాలుగు రోజుల్లోనే ఆ పని ముగించుకోవాలి. పేరు తీయించిన ఏడాదికి కూడా రిపోర్టు వెయ్యాల్సి రావచ్చు. జనవరిలో ఒక్కరోజు పేరున్నా ఆ ఖాతా ఆ ఏడాది లెక్కలోకే వస్తుంది.